పేపర్ సెమినార్‌కి మార్కులు ఎలా వేయాలి: కొత్తగా ప్యానెల్‌లో కూర్చునే లెక్చరర్ల కోసం

విద్యార్థులు ఒక పరిశోధనా పత్రం చదివి అందరి ముందు వివరించే సెమినార్ ప్యానెల్‌లో మీ పేరు వేస్తూ సర్క్యులర్ వచ్చిందంటే, మీ పని ఆ రోజు హాల్లో కాదు, రెండు వారాల ముందే మొదలవుతుంది. మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో చాలా చోట్ల జరిగేది ఏమిటంటే, ఉదయం క్లాసు అయ్యాక మార్కుల షీట్ పట్టుకుని వెళ్లి కూర్చోవడం, ఒక్కో బ్యాచ్ పది నిమిషాలు స్లైడ్లు చదివి వినిపించడం, "ఎనీ డౌట్స్?" అని ఎవరో ఒకరు అనడం, చివరికి బాగా మాట్లాడినవాళ్లకి రెండు మార్కులు ఎక్కువ, తడబడినవాళ్లకి రెండు మార్కులు తక్కువ పడటం. దీనివల్ల నష్టపోయేది రాత్రంతా కూర్చుని పేపర్ నిజంగా చదివిన పిల్లలే. అది నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మార్కు వేయాల్సింది ఒక్క విషయానికి. ఇంకెవరో చేసిన పనిని ఈ విద్యార్థి ఎంత లోతుగా అర్థం చేసుకున్నాడు, అందులో దేన్ని నమ్మొచ్చు, దేన్ని అనుమానించాలి అన్నది తనంతట తాను చెప్పగలడా లేదా. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు పేపర్ సంగతి తేల్చండి

కనీసం రెండు వారాల ముందు బేస్ పేపర్ (విద్యార్థి చెప్పబోయే అసలు పేపర్) పీడీఎఫ్ తెప్పించుకోండి. టైటిల్ మాత్రం పంపితే ఒప్పుకోకండి, ఎందుకంటే టైటిల్ ఒకటి ఇచ్చి ఆ రోజు ఇంకో పేపర్ స్లైడ్లు పెట్టేవాళ్లు ఉంటారు, అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటి చదివి దాంతోనే పది నిమిషాలు నెట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. పది పన్నెండు పేజీలు దాటని పేపర్, రాసినవాళ్లు సొంతంగా ఏదో ఒక ప్రయోగమో కొలతో చేసిన పేపర్ అయితే చిన్న సెమినార్‌కి సరిగ్గా సరిపోతుంది. ఇతరుల పరిశోధనల్ని సమీక్షించే సర్వే పేపర్లు వద్దని ముందే చెప్పేయండి. వాటిలో అడగడానికి ఒక ప్రయోగం ఉండదు, పట్టికలో పేర్లు అప్పజెప్పడమే ఉంటుంది.

డబ్బు కడితే వారంలో వేసేసే జర్నల్స్ నుంచి తెచ్చిన పేపర్‌ని మొహమాటపడకుండా వెనక్కి పంపండి. గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. గ్రాఫ్‌లో యాక్సిస్‌లకి పేర్లుండవు, డేటా ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు, మెథడ్ చదివి ఇంకొకరు అదే పని చేయడానికి చాలినంత వివరం ఉండదు. అలాంటి పేపర్‌తో పిల్లవాడు ఎంత కష్టపడినా చెప్పడానికి లోపల సరుకు లేదు, అది వాడి తప్పు కూడా కాదు, ఇంకో పేపర్ వెతుక్కోవడానికి టైమ్ ఇవ్వండి.

పీడీఎఫ్‌తో పాటు ఒక పేజీ చేతిరాత అడగండి. ఈ పేపర్ రాకముందు తెలియనిది ఏమిటి, వీళ్లు ఏం చేశారు, ఏం తేలింది. తెలుగులో రాసినా తీసుకోండి. చాట్‌బాట్ చేత స్లైడ్లు చేయించుకునే రోజులు కాబట్టి ఈ ఒక్క పేజీకి విలువ ఇంకా పెరిగింది, కాపీ పట్టుకోవడానికి కాదు, చేత్తో రాసేటప్పుడు పిల్లవాడికే తనకి ఎక్కడ అర్థం కాలేదో తెలిసిపోతుంది కాబట్టి.

మీరు కూడా చదవాలి, తప్పదు

పేపర్ చదవకుండా ప్యానెల్‌లో కూర్చుంటే మీరు అడగగలిగేవి "అడ్వాంటేజెస్ ఏంటి, ఫ్యూచర్ స్కోప్ ఏంటి" అనే రెండే ప్రశ్నలు, వాటికి జవాబులు ప్రతి సెక్షన్‌లో తరతరాలుగా చేతులు మారుతున్నాయి. అన్ని పేపర్లూ అక్షరం అక్షరం చదవక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ శ్రీనివాసన్ కేశవ్ 2007లో ఒక చిన్న వ్యాసంలో పేపర్‌ని మూడు విడతల్లో చదివే పద్ధతి చెప్పారు. మొదటి విడత ఐదు నుంచి పది నిమిషాలు: టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, హెడ్డింగులు, కన్‌క్లూజన్, రిఫరెన్సుల మీద ఒక చూపు. రెండో విడత గంట దాకా: బొమ్మలు, గ్రాఫులు, టేబుల్స్ జాగ్రత్తగా, ప్రూఫ్‌ల లాంటివి వదిలేసి. మూడో విడతలో ఆ పనిని మనమే మళ్లీ చేస్తున్నట్టు అడుగడుగునా ఆలోచించడం. మీకు మొదటి రెండూ చాలు. మీ బ్రాంచ్ కాని పేపర్ అయితే రెండో విడతకి కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి.

చదువుతూ మార్జిన్‌లో మూడు గుర్తులు పెట్టుకోండి: ఈ పేపర్ బరువంతా మోస్తున్న టేబుల్ లేదా గ్రాఫ్ ఏది, రాసినవాళ్లే ఒప్పుకున్న లోపం ఏది, వాళ్లు చెప్పకుండా దాటేసినది ఏది. మీ ప్రశ్నలన్నీ ఆ మూడింటిలోంచే వస్తాయి.

మార్కుల షీట్

యూనివర్సిటీ ఇచ్చిన ఫార్మాట్ ఉంటే దాన్నే వాడాలి, కానీ అందులో ఖాళీ ఉన్నంత మేర విడగొట్టుకోండి. 25 మార్కులైతే నేను ఇలా పంచుతాను: సమస్య ఏమిటో చెప్పినందుకు 4, మెథడ్‌కి 7, ఫలితాలకీ వాటి పరిమితులకీ 6, ప్రశ్నలకి జవాబులకి 6, స్లైడ్లకీ టైమ్‌కీ కలిపి 2. స్లైడ్లకి రెండేనా అని మీ పక్కన కూర్చున్నవాళ్లు అడుగుతారు. అవును, రెండే. అక్షరాలు వెనక వరుసకి కనపడాలి, ఇచ్చిన టైమ్‌లో అయిపోవాలి, అంతకంటే అక్కడ కొలవాల్సింది లేదు.

అంకెలు పంచితే సరిపోదు, ఏ అంకెకి ఏం కనపడాలో ఒక్కో వాక్యం రాసిపెట్టుకోండి. మెథడ్ 7 మార్కుల్లో, స్టెప్పుల పేర్లు మాత్రం వరసగా చెబితే 2. ఒక్కో స్టెప్ ఏం చేస్తుందో, ముందు దాని నుంచి ఏం తీసుకుని తర్వాత దానికి ఏం ఇస్తుందో చెబితే 4 లేదా 5. అదే పద్ధతి ఎందుకు ఎంచుకున్నారు, అది తీసేస్తే ఏమవుతుంది అనేదాకా వెళ్తే 6, 7. ఈ షీట్‌ని సెమినార్‌కి వారం ముందే క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయండి. దేనికి మార్కులో ముందే తెలిస్తే పిల్లలు ఆ వారం యానిమేషన్ల మీద కాకుండా పేపర్ మీద పెడతారు, మనకి కావాల్సిందీ అదే.

చెప్పేటప్పుడు ఏం వినాలి

మధ్యలో ఆపకండి. "ఒక్క నిమిషం, ఆ స్లైడ్ వెనక్కి వెళ్లు" అని మూడో నిమిషంలోనే అంటే, అప్పటిదాకా కూడగట్టుకున్న ధైర్యం కాస్తా పోయి మిగతా ఏడు నిమిషాలూ టెన్షన్‌లోనే గడిచిపోతాయి. స్లైడ్ నంబర్ పక్కన ప్రశ్న రాసుకుని తర్వాత అడగండి.

అర్థమైనవాళ్లు పేపర్‌లో లేని ఉదాహరణ ఒకటి తెస్తారు. గ్రాఫ్ చూపించినప్పుడు గీతలు ఎక్కడికి పోతున్నాయో చెప్పేముందు అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది అని చెబుతారు. "వాళ్లు ఇలా చేశారు, నాకు ఇలా అనిపించింది" అని రెండింటినీ వేరుచేసి మాట్లాడతారు. బట్టీ కొట్టినవాళ్ల మాట గడగడా పోతుంది కానీ స్లైడ్ మారిన ప్రతిసారీ ఒక క్షణం ఆగిపోతుంది, ఎందుకంటే ఈ స్లైడ్ తర్వాత అది ఎందుకు వచ్చిందో వాళ్ల దగ్గర దారం లేదు. అలాగని గడగడా చెప్పేవాళ్లంతా బట్టీ అని ముందే తీర్మానించుకోకూడదు, తేల్చేది ప్రశ్నలే.

ప్రశ్నలు ఎలా అడగాలి

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి. పది నిమిషాల ప్రెజెంటేషన్‌కి కనీసం ఐదారు నిమిషాల ప్రశ్నలు ఉండాలి.

మన దగ్గర ఏటా ఎవరో ఒకరు తెచ్చే పేపర్ ఒకటుంది, ఆకుల ఫోటోలు చూసి తెగులు చెప్పే డీప్ లెర్నింగ్ మోడల్. 2016లో మొహంతి, హ్యూస్, సలాతే రాసినది. ప్లాంట్‌విలేజ్ డేటాసెట్‌లోని 54,306 ఫోటోలు, 14 రకాల పంటలు, 26 తెగుళ్లు, 99.35 శాతం యాక్యురసీ. ఈ నాలుగు అంకెలూ ప్రతి బ్యాచ్ నోట్లోనూ ఆడుతుంటాయి. వాటికి చప్పట్లు కొట్టి వదిలేయకండి. అదే పేపర్‌లో, వేరే చోట్ల నుంచి సేకరించిన ఫోటోల మీద అదే మోడల్‌ని పరీక్షిస్తే యాక్యురసీ 31 శాతం చుట్టుపక్కలకి పడిపోయిందని రాసినవాళ్లే నిజాయితీగా చెప్పారు. కాబట్టి మొదటి ప్రశ్న: "99 ఎక్కడిది, 31 ఎక్కడిది, మధ్యలో ఏం మారింది?" చదివినవాళ్లు వెంటనే అందుకుంటారు. ట్రైనింగ్ ఫోటోలు, అంటే మోడల్‌కి నేర్పడానికి వాడినవి, ఒక్కో ఆకుని కోసి, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవని, టెస్ట్ ఫోటోలు కూడా అదే కుప్పలోంచి పక్కకి తీసినవి కాబట్టి 99 వచ్చిందని చెబుతారు. పంట, దాని తెగులు లేదా ఆరోగ్యం జతలుగా ఉన్న 38 తరగతుల్లో గుడ్డిగా చెబితే వచ్చేది మూడు శాతం లోపే కాబట్టి 31 అయినా పూర్తిగా పనికిరానిది కాదని ఎవరైనా అంటే, ఆ పిల్లకి ఫలితాల మార్కులు ధారాళంగా వేయండి.

రెండో ప్రశ్న మన ఊరి నుంచి తీయండి. "అమ్మా, దీన్ని లాం దగ్గర మిరప చేలోకి తీసుకెళ్తే ఏమవుతుంది?" ఆ డేటాసెట్‌లో మిరప జాతి నుంచి ఉన్నది క్యాప్సికమ్ ఒక్కటే, అందులోనూ బ్యాక్టీరియా మచ్చ ఉన్న ఆకులు, ఆరోగ్యంగా ఉన్న ఆకులు, రెండే రకాలు. మన రైతుకి కావాల్సింది పై ముడతా, కింది ముడతా అన్నది. పై ముడత తామర పురుగు వల్ల, కింది ముడత నల్లి వల్ల, రెండింటికీ కొట్టే మందులు వేరు. ఇక 2021-22 సీజన్లో మిరపని దెబ్బతీసిన నల్ల తామర పురుగు పువ్వుల్లో చేరి పూత రాలగొట్టింది, ఆకు ఫోటో ఒక్కటే చూసే మోడల్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు ఏ స్లైడ్‌లోనూ ఉండదు, ఏ సీనియర్ ఫైల్‌లోనూ ఉండదు. పల్నాడు నుంచో ప్రత్తిపాడు నుంచో వచ్చి, అప్పటిదాకా ఇంగ్లీషులో తడబడుతూ మాట్లాడిన పిల్లవాడు ఈ ప్రశ్నకి నిటారుగా నిలబడి జవాబు చెప్పడం మీరు చూస్తారు. వాడికి పొలమూ తెలుసు, ఇప్పుడు పేపరూ తెలుసు. మనం వెతుకుతున్నది సరిగ్గా అదే.

ఇంకో రకం ప్రశ్న, ఒక్క బొమ్మ మీద నిలబెట్టడం. చాలా లేయర్లున్న న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద 2015 చివర్లో వచ్చిన రెస్‌నెట్ పేపర్ తీసుకోండి. చాలామంది చెప్పేది, "లేయర్లు ఎక్కువైతే ఓవర్‌ఫిటింగ్ వస్తుంది సార్, దాన్ని రెస్‌నెట్ సాల్వ్ చేసింది." వెంటనే తప్పు అనకండి. మొదటి బొమ్మ తెరమీద పెట్టించి, "20 లేయర్లది ఏది, 56 లేయర్లది ఏది, ఎడమ వైపు గ్రాఫ్ ట్రైనింగ్ ఎర్రరా టెస్ట్ ఎర్రరా?" అని అడగండి. 56 లేయర్లున్న మామూలు నెట్‌వర్క్‌కి ట్రైనింగ్ ఎర్రరే ఎక్కువగా ఉంది. ఓవర్‌ఫిటింగ్ అంటే నేర్పిన డేటాని బట్టీ పట్టి కొత్త డేటా మీద తప్పడం, అలా అయితే ట్రైనింగ్ ఎర్రర్ తగ్గాలి కదా. కొందరు ఆ బొమ్మ ముందు నిలబడి, కాసేపు చూసి, "అయితే ఇది ఓవర్‌ఫిటింగ్ కాదు సార్" అని తమంతట తాము అంటారు. అలా అన్న పిల్లకి ముందు తప్పు చెప్పినందుకు మార్కు తీసేయకండి, కళ్లముందు సరిదిద్దుకున్నందుకు ఇవ్వండి. చాట్‌బాట్‌ల వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ పేపర్ అయితే డాట్ ప్రోడక్ట్‌ని కీ వెక్టర్ సైజు వర్గమూలంతో ఎందుకు భాగించారో అడిగితే చాలు, ఫార్ములా చూసి రాసిందో అర్థమై రాసిందో తేలిపోతుంది.

ఫార్మసీ, అగ్రికల్చర్, ఎంబీఏ వాళ్ల పేపర్లలో పీ వాల్యూ దగ్గర ఆగండి. "0.05 కంటే తక్కువ కాబట్టి మా ఫలితం నిజం అవడానికి 95 శాతం అవకాశం ఉంది" అంటారు, అది తప్పు. నిజానికి తేడా ఏమీ లేదనుకున్నా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ, కేవలం యాదృచ్ఛికంగా కనపడే అవకాశం అంత తక్కువ అని అర్థం. ఇది లెక్చరర్లలోనూ చాలామందికి పట్టుబడదు, ముందురోజు ఒకసారి చూసుకుని వెళ్లండి.

ప్రశ్న అడిగాక ఆగండి. అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల్ని పరిశీలించి చెప్పింది, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను లోపే మాట్లాడేస్తున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తున్నాయని. మూడు సెకన్లు హాల్లో చాలా ఎక్కువ అనిపిస్తుంది. మనసులో లెక్కపెట్టుకోండి. నోరు పెగలక నిలబడ్డ పిల్ల మీద జాలిపడి మీరే జవాబు చెప్పేస్తే, ఆ పిల్లకి తెలుసో లేదో ఇక ఎప్పటికీ తేలదు.

తెలుగులో చెప్పనివ్వండి

ప్రెజెంటేషన్ ఇంగ్లీషులో ఉండాలని నియమం ఉంటే ఉండనివ్వండి, ప్రశ్నల దగ్గర మాత్రం "తెలుగులో చెప్పమ్మా, పర్లేదు" అని ప్యానెల్ తరఫున మొదటి బ్యాచ్‌కే గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పండి. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే అన్యాయం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి ఆలోచన ఒక భాషలో నడుస్తుంటే మాట ఇంకో భాషలో రావాలి, దాని బరువు మనం పేపర్ అర్థం కాకపోవడం కింద లెక్కేస్తే ఎట్లా? కమ్యూనికేషన్ స్కిల్స్‌కి వేరే ల్యాబ్ ఉంది, వేరే మార్కులున్నాయి.

బ్యాచ్ వచ్చినప్పుడు

నలుగురు కలిసి చెబితే ఒకరు ఇంట్రడక్షన్, ఒకరు మెథడ్, ఒకరు రిజల్ట్స్, ఇంకొకరు "థాంక్యూ" స్లైడ్. కాబట్టి ఇంట్రడక్షన్ చెప్పినవాడిని రిజల్ట్స్ మీద, థాంక్యూ చెప్పిన అమ్మాయిని మెథడ్ మీద అడగండి. ఇలా అడుగుతామని ముందే చెప్పాలి. మార్కులు కూడా మొత్తం బ్యాచ్‌కి ఒకటే కాకుండా ప్రశ్నల మార్కులు ఎవరివి వాళ్లకే వేయండి.

మార్కు వేసే ఐదు నిమిషాలు

బ్యాచ్ కిందకి దిగగానే, పక్కవాళ్లతో మాట్లాడకముందే, పెన్నుతో వేసేయండి. సీనియర్ ప్రొఫెసర్ "బాగా చెప్పాడు కదా" అన్నాక వేసే మార్కు ఆయన మార్కే అవుతుంది, మీది కాదు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే చూపించాడు, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకి రకరకాల లక్షణాల మీద విడివిడిగా రేటింగ్ ఇస్తున్నామనుకుంటూ, ఒక మొత్తం అభిప్రాయాన్నే అన్ని గళ్లలోనూ నింపేస్తున్నారని. దీన్నే హాలో ఎఫెక్ట్ అంటారు. మనమూ అదే చేస్తాం: మాట బాగుంటే మెథడ్‌కీ ఆరు, ఫలితాలకీ ఐదు. దీనికి మందు, ఒక్కో గడి నింపేటప్పుడు పక్కన మూడు నాలుగు మాటల సాక్ష్యం రాయడం. "31 శాతం సంగతి చెప్పింది", "యాక్సిస్ పేర్లు తెలియలేదు". సాక్ష్యం రాయలేకపోతే ఆ మార్కు అక్కడ ఉండకూడదు.

మొదటి మూడు బ్యాచ్‌లు అయ్యాక ప్యానెల్ అందరూ ఒకసారి షీట్లు పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరి మధ్య నాలుగైదు మార్కుల తేడా ఉంటే సగటు తీసి వదిలేయకండి, సాక్ష్యం చదువుకోండి, ఒకరు విననిది ఇంకొకరు విని ఉంటారు. భోజనం తర్వాత వచ్చే బ్యాచ్‌ల దగ్గర జాగ్రత్త. మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం రెండింటికి గుంటూరు ఎండకి హాల్లో కూర్చోవడమే కష్టం, నాలుగున్నరకి తెనాలి, నరసరావుపేట కాలేజీ బస్సులు కదులుతాయని పిల్లలూ మనమూ గడియారం చూస్తుంటాం, చివరి రెండు బ్యాచ్‌లకి రెండే ప్రశ్నలు పడతాయి. అందుకే రోజుకి ఎంతమందిని వినగలరో అంతమందినే పెట్టుకోండి, వరస రోల్ నంబర్ ప్రకారం కాకుండా చీటీలు తీసి నిర్ణయించండి, లేకపోతే ప్రతి సెమినార్‌లోనూ అదే చివరి నంబర్ల పిల్లలు అలసిపోయిన ప్యానెల్‌కి దొరుకుతారు.

ఆ తర్వాత

మార్కు నోటీసు బోర్డు మీద పెట్టి ఊరుకోకండి. ఒక్కొక్కరికి రెండు వాక్యాలు రాసివ్వండి: పేపర్‌లో ఏది బాగా పట్టుకున్నారు, ఏది మళ్లీ చదవాలి. "ఇంప్రూవ్ చేసుకోవాలి" అని రాస్తే ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. "మూడో టేబుల్‌లో రెండో వరుస ఎందుకు తగ్గిందో చూడు" అని రాస్తే ఆ రాత్రే చూస్తారు. తప్పులు అందరి ముందూ కాకుండా పక్కకి పిలిచి చెప్పండి, బాగున్నది మాత్రం అందరి ముందే చెప్పండి.

"సార్, నాకెందుకు తక్కువ?" అని ఎవరైనా స్టాఫ్ రూమ్‌కి వస్తే విసుక్కోకండి. సాక్ష్యం రాసిన షీట్ తీసి చూపించండి, తను చెప్పింది మీరు విననట్టు తేలితే అదే బొమ్మ మీద అక్కడే ఇంకో రెండు నిమిషాలు అడిగి, ప్యానెల్‌లో మిగతావాళ్లకి చెప్పి మార్చండి. ఆ షీట్లు సెమిస్టర్ అయ్యేదాకా దాచండి, ప్రాజెక్ట్ రివ్యూకి అదే బ్యాచ్ అదే బేస్ పేపర్‌తో మళ్లీ వచ్చినప్పుడు మొదటి ప్రశ్న అందులోంచే అడగొచ్చు.